నీటికి వేయవలసిన ప్రశ్న

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో కట్టిన భవనాలను గురించి, దాతల ఔదార్యాన్ని గురించి, పరీక్షలలో సాధించిన ఉత్తీర్ణతను గురించి చెప్పుకోవడం ఆచారం. ఆ పని ఇతర వక్తలు చక్కగా చేస్తారు. ఈ ప్రసంగ విషయం కూడా పరీక్షను గురించినదే కాని, ఇది పిల్లలు వ్రాసే పరీక్ష కాదు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు గుంపుగా పరుగెత్తే కుళాయిలోని నీటికి జరగవలసిన పరీక్ష. అందులోనూ, కర్మాగారాల నుండి నీటిలో కలిసే రసాయనాలను కనిపెట్టే పరీక్ష.

నీటిని పరీక్షించడం చెన్నపట్నపు గృహిణులకు కొత్త విద్య కాదు. ప్లాస్టిక్ బిందె నిండగానే రంగు చూస్తారు. వాసన చూస్తారు. చుక్క నాలుకమీద వేసుకొని "ఈవేళ ఉప్పగా ఉన్నాయి" అని తేల్చి చెబుతారు. కందిపప్పు ఎంతకూ ఉడకకపోతే నీళ్లు కఠినమైనవని గ్రహిస్తారు. సబ్బు నురగ రాకపోతే ఆ బోరు నీటిని గిన్నెలు తోమడానికి మాత్రమే వాడతారు. ఇవన్నీ నిజమైన పరీక్షలే. ఎవరూ చులకన చేయదగినవి కావు. అయితే కన్ను, ముక్కు, నాలుక అనే మూడు సాధనాలకు అందని పదార్థాలు నీటిలోకి వచ్చి చేరి చాలా కాలమైంది. కష్టమంతా అక్కడే ఉన్నది.

ఈ నగరపు నీటి చరిత్రను ఒకసారి చూస్తే, ప్రతి తరమూ తనకు భయం కలిగించిన ప్రశ్ననే నీటికి వేసిందని తెలుస్తుంది. 1772లో పెద్దనాయకన్‌పేటలో కెప్టెన్ బేకర్ ఏడు బావుల పథకం నెలకొల్పినప్పుడు ప్రశ్న ఒకటే: కోటలోని వారికి నీరు చాలునా? 1872లో ఫ్రేజర్ అనే ఇంజనీరు పథకం ప్రకారం రెడ్‌హిల్స్ చెరువు నీరు తెరిచిన కాలువ ద్వారా కీల్పాకానికి చేరింది. నీరు వచ్చింది కాని దానితోపాటు కలరా భయం పోలేదు. 1884లో కలకత్తాలో పరిశోధనలు జరిపిన రాబర్ట్ కాక్ కలరా సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత ప్రశ్న మారింది: నీటిలో క్రిములు ఉన్నాయా? ఆ ప్రశ్నకు సమాధానంగానే 1914లో కీల్పాకంలో ఇసుక వడపోత తొట్లు వచ్చాయి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నీటి నమూనాల పరిశీలన సాగింది. ఆ పథకాన్ని నడిపించిన మాడ్లీ దొర పేరు త్యాగరాయనగరంలోని రోడ్డుకు ఇప్పటికీ ఉన్నది. ఆ రోడ్డు మీద నిత్యం నడిచేవారిలో ఆయన నీళ్ల ఇంజనీరని ఎరిగినవారు అరుదు.

క్రిముల ప్రశ్నకు ఈనాడు మంచి సమాధానాలున్నాయి. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతున్నది. రంగు మారే చిన్న గాజు గొట్టం పరీక్షతో దానిని వీధిలోనే చూడవచ్చు. మలసంబంధమైన కాలుష్యాన్ని సూచించడానికి 1982లో మంజా, ఆయన సహచరులు రూపొందించిన హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష మరీ సులభం. సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, దోషమున్న నీరు నల్లబడుతుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా చేయగలడు. ఈ సౌలభ్యమే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. "నీళ్లు పరీక్ష చేయించాము, బాగున్నాయి" అనే మాటకు చాలాచోట్ల "క్రిములు లేవు" అని మాత్రమే అర్థం. ఆ నీటిలో క్రోమియం ఉన్నదా, బెంజీన్ ఉన్నదా అని అడిగినవారు లేరు. అడగని దానికి నీరు సమాధానం చెప్పదు.

క్రోమియం కథ ఈ పట్నానికి దగ్గరి కథ. క్రోంపేట అనే పేరే ఆ లోహం నుండి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతిలో తోళ్లు పదును చేయడం ప్రవేశపెట్టాడు. తరువాత క్రోమ్ లెదర్ కంపెనీ వెలసిన చోటు క్రోంపేట అయింది. చెట్టు బెరడుతో వారాల తరబడి సాగే పని క్రోమియం లవణంతో బహు త్వరగా ముగిసేది. పరిశ్రమ పెరిగింది, ఎగుమతులు పెరిగాయి, వేలమందికి జీవనోపాధి దొరికింది. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. కాని పాలారు పరీవాహక ప్రాంతంలో, వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పరిసరాలలో, బావులు పాడయ్యాయి. వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు దేశమంతటా ప్రసిద్ధమయింది. కాలుష్యం చేసినవారే నష్టం భరించాలనీ, హాని పూర్తిగా రుజువయ్యే దాకా వేచి ఉండక ముందుజాగ్రత్త తీసుకోవాలనీ ఆ తీర్పు స్థిరపరచింది. ఒక్కొక్క తోళ్ల కర్మాగారానికి పదివేల రూపాయల జరిమానా విధించింది.

ఆ తీర్పులో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు గమనించదగిన రెండు అంకెలున్నాయి. దిండుగల్ ప్రాంతంలో 13 గ్రామాలలో ఒక స్వచ్ఛంద సంస్థ జరిపిన పరిశీలనలో తాగడానికి, సాగుకు వాడే 467 బావులలో 350 బావులు చెడిపోయినట్లు తేలింది. క్రోమ్ పద్ధతిలో సుమారు 170 రకాల రసాయనాలు వాడతారనేది రెండవది. నూటడెబ్బై! నీటి నమూనా తీసుకొని వెళ్లిన మనిషి వీటిలో ఎన్నింటిని పరీక్షించమని అడగగలడు? వాటి పేర్లయినా అతనికి ఎవరు చెబుతారు?

క్రోమియం ఒక్కదానిని తీసుకున్నా మెలిక ఉన్నది. తోళ్ల పనిలో వాడే త్రిసంయోజక క్రోమియం అంత ప్రమాదకరం కాదు. క్రోమేటు రసాయనాలు తయారుచేసే చోట మిగిలే షట్సంయోజక క్రోమియం క్యాన్సరు కారకం. రాణిపేటలో 1990 దశకం నడుమ మూతపడిన క్రోమేటు కర్మాగారం వెనుక రెండు లక్షల టన్నులకు పైగా ఇటువంటి వ్యర్థం ఆరుబయట మిగిలిపోయింది. వాన కురిసినప్పుడల్లా అందులోని క్రోమియం నేలలోకి దిగుతూ వచ్చింది. గాఢంగా ఉన్న చోట నీరు పసుపుపచ్చగా కనిపిస్తుంది. పలుచనైన కొద్దీ రంగు పోతుంది, విషం మాత్రం మిగులుతుంది. డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం కలిపితే షట్సంయోజక క్రోమియం ఉన్న నీరు ఊదా రంగుకు తిరుగుతుంది. మరొక రూపంలోని క్రోమియానికి ఆ రసాయనం స్పందించదు. మొత్తం క్రోమియం ఎంతో చెప్పే యంత్రమేమో రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. ప్రశ్న వేసే తీరును బట్టి సమాధానం మారడమంటే ఇదే.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదు. సీసం 0.01, పాదరసం 0.001, కాడ్మియం 0.003. పిల్లలకు ఈ దశాంశాలు అర్థం కావాలంటే ఒక లెక్క చెప్పవచ్చు. వేసవిలో వీధిలోకి వచ్చే నీళ్ల లారీ తొమ్మిది వేల లీటర్లదనుకుంటే, రెండు లారీలకు పైగా నీటిలో ఒక్క గ్రాము క్రోమియం కలిస్తే చాలు, హద్దు చేరినట్లే. చిటికెడు ఉప్పు కంటె కాస్త ఎక్కువ, అంతే. ఏ తల్లి నాలుకకు అది తెలుస్తుంది?

ఇక ప్రయోగశాల ఇచ్చే కాగితం సంగతి. ఆ కాగితాన్ని చదవడం చాలామందికి రాదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఎవరూ నేర్పలేదు కనుక. ఒక వరుసలో అంశం పేరు, పక్కన అనుమతించిన పరిమితి, ఆ పక్కన ఫలితం ఉంటాయి. ఫలితం గడిలో తరచుగా "బి.డి.ఎల్." అనే మూడక్షరాలు కనిపిస్తాయి. అది చూచి "ఏమీ లేదు" అని సంతోషించేవారే ఎక్కువ. దాని అర్థం "ఏమీ లేదు" అని కాదు. "ఈ పరికరం కనిపెట్టగలిగిన కనీస పరిమాణం కంటె తక్కువ" అని మాత్రమే. ఆ కనీస పరిమాణం ఎంతో కాగితం మీద ఉండాలి. పరికరం 0.1 మిల్లీగ్రాము కంటె తక్కువను చూడలేనిదైతే, 0.05 హద్దుగా ఉన్న క్రోమియం విషయంలో ఆ మూడక్షరాలకు విలువ లేదు. హద్దుకు రెట్టింపు ఉన్నా ఆ కాగితం దాదాపు అదే మాట చెప్పి ఉండేది. బంగారం తూచే తక్కెడ లేక బియ్యం తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టి, ముల్లు కదలలేదు గనుక ముక్కుపుడక లేదన్నట్లుంటుంది.

మరొక చిన్న సంగతి. ప్రయోగశాలకు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదా అని అడగడం ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ గుర్తింపు ప్రయోగశాలకంతటికీ ఒకేసారి ఇచ్చే బిరుదు కాదు. ఏయే పరీక్షలకు గుర్తింపు ఉన్నదో వేరుగా పట్టిక ఉంటుంది. అడగవలసింది ఆ పట్టికను.

వాసనను నమ్ముకున్న వారి అనుభవం ఉత్తర చెన్నై వారికి ఎరుకే. 2013లో తండయార్‌పేటలో బోరు నీటికి పెట్రోలు, డీజిలు వాసన వచ్చింది. నీటిమీద తెట్టు తేలింది. భూమిలో వేసిన చమురు గొట్టం నుండి కారిన ఇంధనం నేలలోని నీటిలో కలిసింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ ముక్కు తన పని తాను చేసినట్లే కనిపిస్తుంది. కాని ఇంధనంలో ఉండే బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. మనిషి ముక్కుకు నీటిలోని బెంజీన్ తెలియాలంటే అంతకు కొన్ని వందల రెట్లు ఉండాలి. వాసన వచ్చిన నాడు ఆందోళన కలగడం సహజం. వాసన రావడానికి ముందు గడిచిన నెలలలో ఆ వీధి పిల్లలు ఏ నీరు తాగారన్నది అంతకంటె కలవరపెట్టే విషయం.

వాసన అయినా రానివాటి మాటేమిటి? దీనికి తెలుగునాట జరిగిన ఉదాహరణ ఒకటి లోకమంతటికీ తెలిసింది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరువు పారిశ్రామికవాడ 1970 దశకం నుండి పెరిగింది. దాని వ్యర్థజలాలు నక్కవాగులోకి చేరుతున్నాయని రైతులు, వైద్యులు ఏళ్లతరబడి మొరపెట్టుకున్నారు, న్యాయస్థానాలకెక్కారు. పరీక్షలు జరగకపోలేదు, ఆమ్లత్వం, లవణాలు, లోహాలు కొలిచారు. 2007లో స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్, ఆయన సహచరులు వేరే ప్రశ్న వేశారు: ఈ నీటిలో మందులున్నాయా? దాదాపు తొంభై మందుల కర్మాగారాల వ్యర్థాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే దానికంటె ఇది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు నీటిపాలవుతున్నదని, తొంభై లక్షల జనాభా గల స్వీడన్ మొత్తం అయిదు రోజులలో వాడే మందుకు అది సమానమని వారు లెక్కకట్టారు. తరువాత 2009లో వెలువడిన అధ్యయనంలో సమీపంలోని ఆరు గ్రామాల బావి నీటిలో సైతం మందుల ఆనవాళ్లు దొరికాయి. తాగునీటి ప్రమాణాల పట్టికలో మందుల పేర్లు లేవు కనుక పట్టిక ప్రకారం పోయినవారికి అవి దొరికే అవకాశమే లేదు.

ఆ పట్టికలో చేరని మరొక జాతి రసాయనాలను గురించి ఇప్పుడు లోకమంతా మాట్లాడుతున్నది. అంటుకోని పెనాలకు పూసే పూతలోనూ, నూనె పీల్చని కాగితాలలోనూ, అగ్నిమాపక నురగలోనూ వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ సమ్మేళనాలివి. పొట్టిపేరు పి.ఎఫ్.ఎ.ఎస్. ప్రకృతిలో ఇవి విచ్ఛిన్నం కావు గనుక శాశ్వత రసాయనాలని పిలుస్తున్నారు. అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రపు పార్కర్స్‌బర్గ్ వద్ద ఒక రైతు పశువులు వరుసగా చనిపోవడంతో, రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాది 1990 దశకం చివర కాగితాలు తవ్వడం ప్రారంభించాడు. పాలిచ్చే గొడ్డు పోతే రైతుకు ఎంత కడుపుకోతో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ కాగితాల నుండి సి-8 అనే రసాయనం పేరు బయటపడింది. అది అక్కడి తాగునీటిలో ఉన్నదని తేలింది. తరువాత సుమారు 69,000 మంది రక్తం ఇచ్చి పరీక్షకు నిలబడ్డారు. మూత్రపిండాల క్యాన్సరు, థైరాయిడ్ వ్యాధి సహా ఆరు జబ్బులతో ఆ రసాయనానికి సంబంధం ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల సంఘం 2012 నాటికి నిర్ణయించింది.

2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఈ జాతిలో ముఖ్యమైన రెండింటికి లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున హద్దు విధించింది. నానోగ్రామంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. ఇందాకటి లారీ లెక్కలో చెబితే, ఇరవై ఏడు వేల లారీలకు పైగా నీటిలో ఒక్క గ్రాము. 2025లో ఆ రెండు హద్దులను నిలుపుతూనే అమలుకు 2031 దాకా గడువు పెంచదలచినట్లు అక్కడి పర్యావరణ సంస్థ ప్రకటించింది. ఆ దేశం చేసినవన్నీ ఆదర్శమని చెప్పడం ఉద్దేశం కాదు. అక్కడి కర్మాగారాలే కదా దశాబ్దాలపాటు ఆ రసాయనాన్ని నదిలోకి వదిలినవి. కాని 1996లో సవరించిన వారి చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉన్నది. హద్దులు ఇంకా నిర్ణయించని పదార్థాలను ముప్ఫైకి మించకుండా ఎంపికచేసి, అయిదేళ్లకొకసారి నగరాల నీటిలో వెతకాలి. అంటే పట్టికలో లేని వాటిని అడగడం కూడా ఒక విధిగా చట్టంలో చేరింది. 2023-2025 విడతలో 29 ఈ శాశ్వత రసాయనాలే. ఇటువంటి ఏర్పాటు ఈ దేశానికీ అవసరమే.

చెన్నపట్నం ఈ విషయానికి దూరంగా లేదు. బకింగ్‌హామ్ కాలువ, అడయారు, చెంబరంబాక్కం చెరువు నీటి నమూనాలలో ఈ పదార్థాల జాడ ఉన్నట్లు మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకుల అధ్యయనం గురించి 2024లో పత్రికలలో వచ్చింది. ఆ వార్తను ఆధారం చేసుకొని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం తనంతట తానే విచారణ చేపట్టింది. మొదటి రెండూ ఎవరూ తాగే నీరు కాదు. చెంబరంబాక్కం నగరానికి తాగునీరిచ్చే చెరువు. 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 పట్టికలో ఈ రసాయనాల పేరు లేదు. వీటిని కొలిచే యంత్రం ఖరీదైనది. సామాన్య ప్రయోగశాలల్లో ఉండదు.

ఈ మాటలు విని ఇంటికి వెళ్లగానే కుళాయి కట్టివేయమనడం భావ్యం కాదు. శుద్ధి కేంద్రం నుండి వచ్చే నీరు చెన్నైలో చాలా బోర్ల నీటికంటె మేలైనది. కాచి చల్లార్చడం క్రిములకు మంచి మందు. అయితే కాచినందువలన క్రోమియం, సీసం పోవు. నీరు ఆవిరై తగ్గిన మేరకు వాటి గాఢత కొద్దిగా పెరుగుతుంది కూడా. ఆర్.ఓ. యంత్రం చాలావాటిని ఆపుతుంది కాని, కొనగలిగినవారి వంటింట్లోనే ఆపుతుంది. కుళాయి కింద దోసిలి పట్టే పిల్లవాడికి ఆ యంత్రంతో పనిలేదు. డబ్బా నీళ్లకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. డబ్బా నీలంగా మెరిసినంత మాత్రాన లోపలి నీటి చరిత్ర మారదు.

నమూనా తీయడంలో కూడా శ్రద్ధ కావాలి. క్రిముల పరీక్షకు స్టెరిలైజు చేసిన సీసా, మంచుపెట్టె అవసరం. లోహాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి కొన్ని చుక్కల నత్రికామ్లం కలపాలి. లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకొని లెక్కకు రాదు. నూనెకు, బెంజీన్‌కు గాజు సీసా. శాశ్వత రసాయనాల పరీక్షకు టెఫ్లాన్ బిళ్ల ఉన్న మూత పనికిరాదు. మూతలోనిదే నీటిలో దొరికే ప్రమాదం ఉన్నది. తాగిపారేసిన కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టి తీసుకువెళ్లే అలవాటు ఇకనైనా మానవలసినది.

నగరపాలక, జలమండలి సంస్థల పరీక్ష ఫలితాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. అడిగేటప్పుడు "నీరు బాగున్నదా?" అని వ్రాస్తే "బాగున్నది" అనే జవాబు వస్తుంది. ఏయే పదార్థాలకు, ఏ తేదీలలో, ఏ చోటి నమూనాలను పరీక్షించారు, పరికరాల కనీస పరిమితి ఎంత అని అడగడం మేలు.

ప్రయోగశాలకు సీసాతో పాటు ఒక చీటీ పూర్తిచేసి ఇవ్వవలసి ఉంటుంది. అందులో "పరీక్షించవలసిన అంశాలు" అనే చోట చాలామంది ఖాళీ వదులుతారు, లేదా "అన్నీ" అని వ్రాస్తారు. అన్నీ అనే పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ లేదు. తండయార్‌పేట బోరు సీసా మీద చమురు, బెంజీన్ అని ఉండాలి. పల్లవరం, క్రోంపేట సీసా మీద రెండు రకాల క్రోమియం పేర్లూ ఉండాలి. కొడుంగయ్యూరు, పెరుంగుడి చెత్తగుట్టల చుట్టుపక్కల సీసాకు లోహాలు, వీలైతే శాశ్వత రసాయనాలు. పాఠశాల ఆవరణలోని బోరుకు ఆ చీటీ వ్రాయాలంటే చుట్టూ రెండు కిలోమీటర్ల మేర పెట్రోలు బంకులు, లోహపు పూత దుకాణాలు, అద్దకపు షెడ్లు, పాత గిడ్డంగులు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయాలి. అది తొమ్మిదవ తరగతి పిల్లలు రెండు శనివారాలలో చేయగల పని. ఆ పటం చూచి చీటీలో ఏ పేర్లు వ్రాయాలో చెప్పగల రసాయన శాస్త్ర పట్టభద్రులు, ప్రయోగశాలలలో పనిచేస్తున్నవారు ఈ సభలోని పూర్వ విద్యార్థులలోనే ఉన్నారు. సభ ముగిసిన తరువాత వారు దయతో ప్రయోగశాల గదిలో అరగంట సేపు కూర్చోవలసినదిగా ప్రార్థన. సీసాలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి.